పెట్టుబడి చీరల దగ్గర మొదలుపెట్టాం

(విశాఖపట్నంలో కొన్ని కాలనీల సంక్షేమ సంఘాలు నవంబరు నెలాఖరు శనివారం సాయంత్రం కలిసి జరుపుకున్న సభలో ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

సభలో ఉన్న పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, కాలేజీల నుంచి వచ్చిన పిల్లలకు నమస్కారం.

ఈ సభను ఈ రోజే పెట్టుకోవడానికి కారణం ఉంది. కెనడాలోని వాంకూవర్ నగరంలో టెడ్ డేవ్ అనే చిత్రకారుడు 1992లో ఒక పిలుపునిచ్చాడు. ఒక్క రోజు ఏమీ కొనకుండా ఉండి, మిగిలిన రోజుల్లో ఎందుకు అంతగా కొంటున్నామో ఆలోచించుకుందాం అన్నదే ఆ పిలుపు. ఆ ఊరి నుంచే వెలువడే యాడ్‌బస్టర్స్ పత్రిక దాన్ని దేశదేశాలకు చేరవేసింది. 1997 నుంచి ఆ రోజును అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండుగ మర్నాడు, అంటే అక్కడి దుకాణాలు సంవత్సరంలో అన్నిటికంటే పెద్ద తగ్గింపు అమ్మకాలు జరిపే శుక్రవారం నాడే పాటిస్తున్నారు. తక్కిన దేశాల్లో చాలాచోట్ల ఆ మర్నాడు శనివారం పాటిస్తారు, అదే ఈ రోజు. మనకు ఆ పండుగ లేదు, కాని దాని పేరుతో వచ్చే అమ్మకాల ప్రకటనలు మాత్రం నిన్నంతా మన ఫోన్లలోకి కూడా వచ్చాయి. అమ్మకం అంత దూరం ప్రయాణం చేసి మన ఇంట్లోకి రాగలిగినప్పుడు, దాన్ని ప్రశ్నించిన ఆలోచన కూడా రావాలి కదా అన్న ఉద్దేశంతో ఈ రోజును ఎంచుకున్నాం.

అయితే నేను వాంకూవర్ గురించి ఎక్కువ మాట్లాడను. నా మాటలు మన బీరువాల దగ్గర మొదలవుతాయి.

నా కొడుకు పెళ్లికి నేను నూట నలభై పెట్టుబడి చీరలు కొన్నాను. ఇక్కడున్న పిల్లల్లో కొందరికి ఆ మాట తెలియకపోవచ్చు. పెళ్లికి, గృహప్రవేశానికి, షష్టిపూర్తికి వచ్చిన బంధువులకు బొట్టు పెట్టి చేతిలో పెట్టడానికి టోకున కొనే చీరలను పెట్టుబడి చీరలంటారు. పెద్ద బట్టల దుకాణాల్లో వాటికి విడిగా ఒక విభాగమే ఉంటుంది. అక్కడ చీరను భుజం మీద వేసుకొని అద్దంలో చూసుకునేవాళ్లు ఉండరు. ఎంతలో కావాలి, ఎన్ని కావాలి అన్న రెండు ప్రశ్నలతో బేరం ముగుస్తుంది. కట్టుకుంటారో లేదో ఇచ్చేవారు ఆలోచించరు, కట్టుకోబోమని పుచ్చుకునేవారికి తెలుసు, అయినా ఇవ్వకపోతే మాట వస్తుంది. పెళ్లైన కొన్ని నెలలకు బీరువా సర్దుతూ, నాకు ఇతరులు పెట్టినవాటిలో మడత విప్పని చీరలు లెక్కపెడితే ముప్పై ఎనిమిది తేలాయి. బ్యాంకులో ముప్పై ఏళ్లకు పైగా ఇతరుల డబ్బు లెక్కలు చూసిన నేను, నా ఇంట్లో ఈ లెక్క అంతవరకు ఎన్నడూ వేయలేదు. ఆ రోజు నాకు కలిగిన బాధ నుంచే, అక్కరలేని కొనుగోళ్లు తగ్గించుకునే ఈ పని మొదలైంది.

జాకెట్ ముక్కల సంగతి మీ అందరికీ తెలుసు. శ్రావణ శుక్రవారం నాడు నేను ఒకరికి తాంబూలంలో పెట్టిన ముక్క మరుసటి ఏడాది కార్తీక మాసంలో ఇంకొకరి ఇంటి నుంచి నాకే తిరిగి వచ్చింది. అంచున దుకాణంవారు పెన్నుతో వేసిన గుర్తును బట్టి పోల్చుకున్నాను. ఆ మధ్యకాలంలో అది ఎన్ని ఇళ్లు తిరిగిందో, ఎన్ని నమస్కారాలు అందుకుందో కాని, ఒక్క దర్జీ చేతికి మాత్రం వెళ్లలేదు. పత్తి పండించిన రైతు, నేసినవారు, రంగు అద్దినవారు పడిన శ్రమ అంతా, ఎవరూ తొడుక్కోని ఒక గుడ్డగా చేతులు మారుతూ ఉందన్న సంగతి నన్ను చాలా రోజులు వేధించింది. ఒక నూలు చొక్కాకు కావలసిన పత్తి పండించి, బట్టగా తయారుచేయడానికి దాదాపు 2,700 లీటర్ల నీళ్లు పడతాయని పర్యావరణ సంస్థలు చెబుతాయి. ఎండాకాలంలో కుళాయి దగ్గర బిందెల వరస చూసిన ఊరు మనది కనుక ఆ అంకె మనకు ఊరికే అంకెలా కనబడకూడదు.

మొదట నేను ఒక్కదాన్నే మానేయాలని ప్రయత్నించి విఫలమయ్యాను. మా ఆడపడుచు మనవరాలి ఓణీల వేడుకకు వెళ్లి, చీరకు బదులు పళ్లు, ఒక పుస్తకం తీసుకెళ్లి ఇచ్చాను. వారు నొచ్చుకున్నారు. చేయగలిగి ఉండి చేయలేదన్న మాట నా చెవిన పడింది. అందులో వారి తప్పు ఏమీ లేదు. ఇచ్చిపుచ్చుకోవడం ఒక భాష వంటిది, ఆ భాషను ఒక్కరు ఏకపక్షంగా మార్చేస్తే ఎదుటివారికి అది అవమానంగానే వినిపిస్తుంది. మితంగా కొనండి, అవసరమైనదే కొనండి అని పత్రికల్లో వచ్చే సలహాలు మంచివే కాని అవి ప్రతి మనిషినీ విడివిడిగా ఉద్దేశించి చెప్పేవి. మన కొనుగోళ్లలో పెద్ద భాగం మన ఒక్కరి కోరిక వల్ల జరగడం లేదు. నలుగురిలో పరువు కోసం, పిల్లవాడు తరగతిలో చిన్నబోకూడదని, వియ్యాలవారు తక్కువగా చూడకూడదని కొంటున్నాం. నలుగురి వల్ల పడిన ముడిని నలుగురూ కలిసే విప్పాలి. ఈ పనిలో ఇన్నేళ్లుగా నేను నేర్చుకున్నది అదే.

అందుకని మా వీధిలో ఇరవై రెండు ఇళ్ల ఆడవాళ్లం కూర్చున్నాం. ఒక్క రోజులో తేలలేదు, మూడుసార్లు కూర్చోవలసి వచ్చింది. ఒక పెద్దావిడ, ముత్తయిదువను గుడ్డ పెట్టకుండా పంపితే ఉత్త చేతులతో పంపినట్టే అవుతుందని గట్టిగా చెప్పారు. ఆమె మాటకు అందరం తలవంచే సమయంలో, వెనుక కూర్చున్న ఇంకొకావిడ లేచి, తన భర్త పోయిన పదకొండేళ్లలో తనకు ఆ గుడ్డ ఎవరూ పెట్టలేదనీ, పేరంటానికి పిలవనే లేదనీ, మీరు పెట్టినా మానినా తనకు ఒకటేననీ అన్నారు. ఆ గదిలో చాలాసేపు ఎవరమూ మాట్లాడలేకపోయాం. కొనుగోలు తగ్గించుకుందామని కూర్చున్న మాకు, మేము ఎవరికి ఇస్తున్నామో, ఎవరిని వదిలేస్తున్నామో కూడా ఆ రోజే కళ్లకు కట్టింది. చివరికి కుదిరిన ఒప్పందం ఇది: మా వీధిలో ఏ శుభకార్యం జరిగినా ఇంటివారు వీధిలోని ఆడవాళ్లందరినీ, ఎవరినీ వదలకుండా పిలవాలి, పెట్టుబడి చీరలు, జాకెట్ ముక్కలు, ప్లాస్టిక్ డబ్బాల రిటర్న్ గిఫ్టులు ఉండవు, పసుపు, కుంకుమ, పళ్లు, తమలపాకులు, ఇంట్లో చేసిన ఒక తీపి పదార్థం ఉంటాయి. దీన్ని ఒక కాగితం మీద రాసి ఇరవై రెండు ఇళ్లవారూ సంతకాలు చేశాం. ఊరి నుంచి వచ్చిన బంధువులు నొచ్చుకుంటే ఆ కాగితం చూపించి, ఇది మా వీధి కట్టుబాటు అని చెప్పవచ్చు. ఆ ఒక్క మాటతో ఇంటావిడ పిసినారితనమన్న నింద పోతుంది.

కట్టుబాటు అన్న మాటను నేను జాగ్రత్తగానే వాడుతున్నాను. మన తీరంలోని మత్స్యకార గ్రామాల్లో, ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్దలు కూర్చొని చేసుకునే కట్టుబాట్లు ఊరికి మేలు చేసిన సందర్భాలున్నాయి, మనుషులను వెలివేసి ఏడిపించిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే మా కాగితంలో జరిమానా లేదు, తప్పు కట్టించడం లేదు. మాట తప్పినవారిని ఎవరూ నిలదీయకూడదని కూడా రాసుకున్నాం. తరువాత రెండు ఇళ్లవారు తప్పారు. వారు ఇప్పటికీ మా సమావేశాలకు వస్తారు, వారి ఇళ్లకు మేమూ వెళతాం.

అందరూ కలిసి మానడం అన్నది తెలుగువారికి కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఏం జరిగిందో నా వయసువారికి గుర్తుంటుంది. సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడులకు వెళ్లిన కూలి మహిళలు, సారా వల్ల చితికిపోయిన ఇళ్ల గురించి పాఠంలో చదువుకొని, తమ ఊళ్లో సారా దుకాణాన్ని మూయించారు. రోసమ్మ అనే సామాన్య స్త్రీ పేరు రాష్ట్రమంతా వినిపించింది. ఆ ఉద్యమం ఊరూరా పాకి, సారా వేలంపాటలను అడ్డుకునేదాకా వెళ్లింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలైంది, 1997లో దాన్ని సడలించారు. సారా, చీర ఒకటేనని నేను అనడం లేదు. ఒకటి మనిషిని చంపుతుంది, రెండోది అటువంటిది కాదు. కాని ఆ తల్లులు మనకు నేర్పినది ఒకటి ఉంది. వారు తమ భర్తలకు విడివిడిగా నీతులు చెప్పడంతో సరిపెట్టలేదు, ఎందుకంటే అది అంతకుముందు ఎన్నో ఏళ్లు చేసి చూశారు. కూలి డబ్బు చేతికి వచ్చే వేళకు ఎదురుగా సారా అమ్మే ఏర్పాటు ఉన్నంతకాలం ఆ మనిషి ఒక్కడి నిగ్రహం నిలవదని గ్రహించి, వారు ఆ ఏర్పాటు మీదికే వెళ్లారు.

మన చేత కొనిపించే ఏర్పాటు కూడా ఎలా పనిచేస్తుందో చూడాలి. దానికి పంచాంగం తెలుసు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, కొత్త కోడలు పుట్టింటికి వెళుతుంది, పొలం పనులు మొదలవుతాయి, అందుచేత ఒకప్పుడు అది బట్టల వర్తకులకు బేరాలు లేని నెల. నిలవ సరుకు వదిలించుకోవడానికి ఇచ్చిన తగ్గింపు క్రమంగా పండుగగా మారి, ఇప్పుడు ఆషాఢం అంటే పిల్లలకు గుర్తొచ్చేది తగ్గింపు అమ్మకాలే. కొనకుండా ఉండడానికి క్యాలెండరులో మనకు మిగిలిన ఒక్క నెల కూడా అలా పోయింది. అక్షయ తృతీయ మరో ఉదాహరణ. మా చిన్నతనంలో ఆ రోజు సింహాచలం కొండ మీద చందనోత్సవం. ఏడాదంతా చందనంలో ఉండే స్వామి నిజరూపం చూడడానికి తెల్లవారకముందే కొండ ఎక్కేవాళ్లం. ఆ రోజు బంగారం కొనకపోతే లోటని మా అమ్మ గాని, మా నాయనమ్మ గాని ఎన్నడూ అనలేదు. ఇప్పుడు ఆ ఉదయం కొండకు వెళ్లే వరస ఎంత ఉంటుందో నగల దుకాణాల ముందు వరస కూడా అంతే కనబడుతోంది.

ఇక డబ్బు సంగతి. ఇది నా వృత్తి కనుక కొంచెం నిలిచి చెబుతాను. మన పల్లెల్లో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే పెద్దవాళ్లు భయపడేవారు. నెలకు మూడు శాతం అంటే ఏడాదికి 36 శాతం. ఆ వడ్డీకి అప్పు తెచ్చినవాడి పొలం నిలవదని అనుభవంతో తెలుసు. ఈ రోజు క్రెడిట్ కార్డు బిల్లులో పూర్తి మొత్తం కట్టకుండా కనీస మొత్తం మాత్రమే కట్టి మిగిలింది వాయిదా వేసేవారి మీద చాలా కార్డుల్లో పడే వడ్డీ నెలకు మూడున్నర శాతం దాకా ఉంటుంది, అంటే ఏడాదికి 42 శాతం. దాని మీద జీఎస్టీ అదనం. ఊళ్లో వడ్డీ వ్యాపారిని చూసి భయపడిన కుటుంబాల పిల్లలే అంతకంటే ఎక్కువ వడ్డీకి ఫోను కొంటున్నారు, అది అప్పు అన్న స్పృహ కూడా లేకుండా. కౌంటరులో కూర్చున్న రోజుల్లో నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు, జీతం పదహారు వేలు, మూడు చోట్ల వాయిదాలు కలిపి నెలకు తొమ్మిది వేలు కడుతున్నానని చెప్పి, నాలుగో అప్పు అడిగాడు. అతని చేతిలో ఉన్నవి ఫోను, బైకు, ఇంట్లో పెద్ద టీవీ. అతను చెడ్డవాడు కాడు, తెలివితక్కువవాడూ కాడు. ఆ మూడూ లేకపోతే తనను మనిషిగా లెక్కచేయరని నమ్మిన పిల్లవాడు.

వడ్డీ లేని వాయిదాలు అన్న మాటను కూడా ఒకసారి విప్పి చూడండి. ఒక వస్తువు ధర 24,000 అనుకుందాం. నగదు ఇస్తే 22,000కే ఇస్తారు. వాయిదాల్లో అయితే నెలకు 2,000 చొప్పున పన్నెండు నెలలు, వడ్డీ సున్నా అంటారు. మీరు వదులుకున్న ఆ 2,000 తగ్గింపే వడ్డీ, దాన్ని ధరలో దాచారు, అంతే. దానికి తోడు ప్రాసెసింగ్ రుసుము కూడా పడవచ్చు. రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే, సున్నా శాతం వడ్డీ అన్నదే ఉండదని బ్యాంకులకు స్పష్టం చేసింది. అయినా ఆ మాట వేర్వేరు పేర్లతో ఇప్పటికీ గోడల మీద కనబడుతూనే ఉంది.

ఫోన్లలో జరిగే అమ్మకంలో ఇంకో రకం ఒత్తిడి ఉంది. ఇంకా రెండే మిగిలాయి, పది నిమిషాల్లో ఈ ధర పోతుంది, మీ బుట్టలో వస్తువులు మీకోసం ఎదురుచూస్తున్నాయి అని తొందరపెట్టే మాటలు ఊరికే రాసినవి కావు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో ఇటువంటి మాయలను డార్క్ ప్యాటర్న్స్ అన్న పేరుతో పదమూడు రకాలుగా గుర్తించి, వాటిని నిషేధిస్తూ మార్గదర్శకాలు ప్రకటించింది. లేని తొందర కల్పించడం, అడగని వస్తువును బిల్లులో చేర్చడం, వద్దన్నవారు సిగ్గుపడేటట్లు మాటలు రాయడం, చేరడం తేలిక చేసి మానడం కష్టం చేయడం అందులో ఉన్నాయి. మీకు అటువంటిది ఎదురైతే ఆ తెరను ఫోటో తీసి పెట్టుకొని 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. మా వీధిలో డిగ్రీ చదువుతున్న ఇద్దరు ఆడపిల్లలు ఈ పని భుజాన వేసుకున్నారు. పెద్దవాళ్ల ఫోన్లలో అడగకుండా మొదలైన చందాలు వెతికి రద్దు చేయిస్తున్నారు. వారు ఈ సభలోనే ఉన్నారు, మీ కాలనీకి కూడా వస్తారు.

మనకు నిజంగా ఏం కావాలి అన్న ప్రశ్నకు జవాబు ఈ ఊరికి ఒకసారి దొరికింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన మీద పడినప్పుడు ఇక్కడున్న చాలామంది ఊళ్లోనే ఉన్నారు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, నగరంలో చెట్టన్నది నిలబడలేదు. ఆ రోజుల్లో మేము వెతికినవి నీళ్లు, పాలు, కొవ్వొత్తులు, అయినవాళ్లు క్షేమంగా ఉన్నారన్న కబురు. మా వీధిలో ఒకే ఇంట్లో చేతిపంపు ఉండేది, ఆ ఇంటివారు గేటుకు తాళం వేయడం మానేశారు. జనరేటరు ఉన్న ఇంట్లో వీధి మొత్తం ఫోన్లు వరసగా చార్జింగుకు పెట్టారు. ఫ్రిజ్‌లో ఉన్నది పాడయ్యేలోపు వండి అందరం పంచుకున్నాం. కష్టకాలాన్ని మంచికాలమని నేను చెప్పను. ఇల్లు కూలిపోయినవారికి, పడవలు పోయిన జాలర్లకు అది ఎంత నష్టమో నాకు తెలుసు. నేను చెప్పేది ఇంతే: ఒక నిచ్చెన, ఒక పంపు, ఒక డ్రిల్లింగ్ మిషను వీధికి ఒకటి ఉంటే సరిపోతుందని ఆ వారంలో మేము చేతలతో చూశాం. కరెంటు వచ్చాక మళ్లీ ఎవరి గేటు వారు వేసుకున్నాం.

ఇప్పుడు మా కమ్యూనిటీ హాలు పక్క గదిలో ఒక అల్మరా ఉంది. అందులో అటువంటి పనిముట్లు, యాభై మందికి సరిపడే స్టీలు కంచాలు, గ్లాసులు, రెండు పెద్ద గుండిగలు ఉన్నాయి. తెలంగాణలోని సిద్దిపేట జిల్లా గ్రామాల్లో స్టీలు బ్యాంకుల పేరుతో మహిళా సంఘాలు ఇదే పని మనకంటే చాలా పెద్ద ఎత్తున చేస్తున్నాయి. విందు అయిన మర్నాడు మా వీధి చివర ప్లాస్టిక్ గ్లాసుల కుప్ప ఇప్పుడు కనబడడం లేదు. ఆ కుప్ప ఒకప్పుడు ఎక్కడికి వెళ్లేదో మీకు తెలుసు. నగరం చెత్త పోసే కాపులుప్పాడ యార్డు చుట్టుపక్కల ఉండే జనం మన విందుల వాసనను భరిస్తూ వచ్చారు. మనం కొనే ప్రతి వస్తువుకూ ఒక చివరి చిరునామా ఉంటుంది, ఈ నగరంలో అది కాపులుప్పాడ.

నెలకు ఒక ఆదివారం మేము మరమ్మతు బల్ల పెడుతున్నాం. నెదర్లాండ్స్‌లో మార్టినె పోస్ట్మా అనే పాత్రికేయురాలు 2009 అక్టోబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలుపెట్టిన రిపేర్ కేఫ్ అన్న పద్ధతి దీనికి ఆధారం. పాడైన వస్తువుతో జనం వస్తారు, పని తెలిసినవారు వారి పక్కన కూర్చొని, వారి చేతనే బాగుచేయిస్తారు. ఆ పద్ధతి ఇప్పుడు ఎన్నో దేశాల్లో ఉంది. మన దగ్గర దీనికి కొత్త పేరు అక్కరలేదు. మాట్లు వేసేవారు, కళాయి పోసేవారు, గొడుగులు బాగుచేసేవారు, పాత చీరలతో బొంతలు కుట్టేవారు మన వీధుల్లో కేకలు వేస్తూ తిరిగిన కాలం మనలో చాలామందికి జ్ఞాపకమే. మా బల్ల దగ్గర కూర్చునే పెద్దాయన ఉక్కు కర్మాగారంలో ఎలక్ట్రీషియనుగా పదవీ విరమణ చేశారు. కుట్టుమిషను దగ్గర కూర్చునే ఆవిడ ఇంట్లోనే ఫాల్, పీకో కుట్టి పిల్లలను చదివించుకున్నారు. తిరగడం మందగించిన ఫ్యానుల్లో ఎక్కువ వాటికి కండెన్సరు మారిస్తే చాలు. మిక్సీల్లో ఎక్కువగా పోయేవి జారుకు కింద ఉండే కప్లరు, మోటారులోని కార్బన్ బ్రష్‌లు. ఒక ఇంటివారు కొత్త మిక్సీ కొనడానికి బయలుదేరుతూ దారిలో మా దగ్గర ఆగారు. ఒక్క కప్లరు మార్చాక, టీ ఖర్చంత డబ్బుతో ఇంటికి తిరిగి వెళ్లారు.

బాగుకాని వస్తువులు కూడా వస్తాయి, అవే మాకు ఎక్కువ నేర్పాయి. మర లేకుండా అంటించేసిన ఇయర్‌ఫోన్ల డబ్బా, విప్పితే విరిగిపోయేలా చేసిన ఇస్త్రీపెట్టె, బ్యాటరీ జిగురుతో అతికించిన ఫోను మా బల్ల మీద ఓడిపోయాయి. మన్నిక తగ్గించడం కొత్త సంగతి కాదు. 1924 డిసెంబరులో జెనీవాలో బల్బుల కంపెనీలు ఫీబస్ అనే కూటమిగా ఏర్పడి, బల్బు వెయ్యి గంటలకు మించి వెలగకూడదని తమలో తాము కట్టడి చేసుకున్నాయి, ఎక్కువ వెలిగే బల్బు తయారుచేసిన కంపెనీకి జరిమానా వేశాయి. ఎక్కువ అమ్మడం కోసం కంపెనీలు కట్టుబాటు చేసుకోగలిగినప్పుడు, తక్కువ కొనడం కోసం వీధులు చేసుకోలేవా? ఫ్రాన్సు 2021 జనవరి నుంచి ఫోన్లు, వాషింగ్ మిషన్ల వంటి కొన్ని వస్తువుల మీద, వాటిని బాగుచేయడం ఎంత తేలికో పదికి మార్కులు వేసి ముద్రించాలని చట్టం చేసింది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసి, ఆ ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. అది ఆరంభం మాత్రమే, విడిభాగాలు అమ్మి తీరాలన్న బాధ్యత కంపెనీల మీద చట్టబద్ధంగా రావాలి. 2022లో ప్రపంచం పారేసిన ఎలక్ట్రానిక్ వ్యర్థం 6 కోట్ల 20 లక్షల టన్నులు. అందులో లెక్కప్రకారం సేకరించి శుద్ధి చేసింది నాలుగో వంతు కూడా లేదు. అందుకే మేము ఓడిపోయిన వస్తువులను పారేయకుండా, ఎందుకు బాగుకాలేదో ఒక పుస్తకంలో రాసి పెడుతున్నాం. ఆ పుస్తకం నిండాక వినియోగదారుల శాఖకు పంపుతాం.

స్వదేశీ ఉద్యమం మాటేమిటని కిందటి సమావేశంలో ఒక విద్యార్థి అడిగాడు. మంచి ప్రశ్న. 1907లో బెంగాల్ నాయకుడు బిపిన్ చంద్రపాల్ మన కోస్తా పట్టణాల్లో ప్రసంగించినప్పుడు విద్యార్థులు ఉప్పొంగిపోయారు. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో దూదిని శుభ్రంచేసి సన్నని నూలు వడికే చేతులు ఆ కాలం నుంచి ఈ రోజు వరకూ ఆ పనిని నిలబెట్టాయి. కాని స్వదేశీ అడిగింది ఎవరి వస్తువు కొనాలి అన్నది, ఎంత కొనాలి అన్నది నేడు మన ముందున్న ప్రశ్న. పొందూరు ఖద్దరు పంచె ఒకటి కొని పదేళ్లు కట్టుకుంటే రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పినట్టే. ఖద్దరైనా సరే పది కొని బీరువాలో పెడితే చెప్పినట్టు కాదు.

చివరగా, ఎక్కడ మాట్లాడినా ఎదురయ్యే అభ్యంతరం ఒకటుంది. అందరూ కొనడం మానేస్తే జగదాంబ సెంటరులో, గాజువాకలో దుకాణాల్లో పనిచేసే పిల్లలు ఏమైపోతారు అంటారు. ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను, ఎందుకంటే ఆ పిల్లలు నా ఖాతాదారులు. పగలంతా నిలబడి, కాళ్లు వాచిపోయి, నెల మొదటి వారంలో ఇంటికి డబ్బు పంపడానికి వచ్చేవారు. కూర్చోవడానికి ఒక కుర్చీ కోసం కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో చట్టం చేయవలసి వచ్చింది. అటువంటి చట్టం మన రాష్ట్రంలోనూ రావాలని మనం అడగాలి, వారి బతుకు మన ఉద్యమంలో భాగం కావాలి. కొత్తది కొనడంలో ఖర్చయ్యే డబ్బు ఎక్కువగా దూరంలోని ఫ్యాక్టరీకి, ప్రకటనలకు, వడ్డీకి వెళుతుంది. బాగుచేయించుకోవడంలో ఖర్చయ్యే డబ్బు కంచరపాలెంలో మోటార్లు రీవైండింగ్ చేసే మనిషికి, వీధి మొగన దర్జీకి చేరుతుంది. ఈ మార్పు ఒక్క ఏడాదిలో జరగదు, జరిగే కాలంలో కొందరికి ఇబ్బంది తప్పదు. అందుకే నేను ఏమీ కొనవద్దని అడగడం లేదు. ఏడాదికి ఒక్క రోజు దుకాణానికి వెళ్లకుండా ఉండి, మర్నాడు రెట్టింపు కొనడం కంటే, ఏడాది పొడవునా పెట్టుబడి చీరలు లేని వీధులు పది ఏర్పడితే నాకు ఎక్కువ సంతోషం.

సంక్రాంతి దగ్గరలో ఉంది. పండుగ కొనుగోళ్లకు ముందే ఇంటింటా బీరువాలు తెరిచి, మడత విప్పని బట్టలు లెక్కవేసి, ఆ అంకె ఒక చీటీ మీద రాసి మాకు ఇవ్వమని కోరుతున్నాను. పేరు రాయనక్కరలేదు, కాలనీ పేరు చాలు. వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు మా కమ్యూనిటీ హాలులో మరమ్మతు బల్ల ఉంటుంది. కుట్టు పని తెలిసినవారు ఇద్దరు, కరెంటు పని తెలిసినవారు ఒకరు ఇంకా కావాలి. గుమ్మం పక్కన పెట్టిన పుస్తకంలో పేరు రాసి వెళ్లండి. కుక్కరు తెచ్చేవారు గిన్నె ఒక్కటే తీసుకురాకండి, మూత కూడా తేవాలి. గ్యాస్కెట్ కొలత మూత మీదే చూడాలి.